చుట్టకుదురు పెట్టుకుని బండి నడిపిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు నేను రావులపాలెంలో బస్సు మారుతుండగా వచ్చింది. అరటిగెలల లారీల మధ్య నిలబడి ఫోనెత్తాను. "నిద్దర్లోనే వెళ్ళిపోయిందమ్మా. రాత్రి కూడా బండి తుడుచుకునే పడుకుంది" అన్నాడు నాన్న. బండి మాట వినగానే, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే, అంతమందిలో నాకు నవ్వొచ్చింది. ఆవిడ ఉంటే తనూ నవ్వేది.

అత్త అంటే నాన్నకి అక్క. ముమ్మిడివరం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే మా పల్లెలో, పెళ్ళయిన నాటి నుంచీ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. తెల్లవారుతూనే ఒడ్డున వేలంపాటలో సరుకు పట్టుకుని, కాలవగట్టు వెంట నడిచి, కొబ్బరితోటల్లోని ఊళ్ళు తిరిగేది. ఏ ఇంట్లో ముల్లు తీసివ్వాలో, ఏ ఇంట్లో చేపతలకాయ కోసం తోడికోడళ్ళు పోట్లాడుకుంటారో ఆవిడకి కంఠతా వచ్చు.

మా తీరం చరిత్రంతా నేను ఆవిడ చేపలు తోముతుంటే పక్కన కూర్చుని విన్నదే. ఆవిడ చిన్నతనంలో తాతయ్య తెరచాప పడవ మీద వేటకెళ్ళేవాడట. నూలు వలలు ఇంట్లోనే అల్లేవారట. తర్వాత నైలాన్ వల వచ్చింది, ఇంజను వచ్చింది, వాటి వెనకాలే ఐసు వచ్చింది.

"ఇంజనొచ్చిన్నాడు పండగ చేసుకున్నామే. ఐసు సంగతే మాకు అర్థమవలేదు. అప్పటిదాకా పాడైపోతానన్న భయంతో చేప మా కాళ్ళని నమ్ముకునేది. ఐసొచ్చేక దానికి మాతో ఏం పని?" అనేది.

నిజమే. పండుగప్ప లాంటి పెద్దచేపలు ఒడ్డున ఇసకైనా అంటకుండా లారీలెక్కి నగరాలకు పోయాయి. వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. ఆఖరికి ఐసుపెట్టెలు కట్టుకున్న మోపెడ్లు ఊళ్ళలోకి దిగాయి. అత్త కాలవ దాటేసరికే ఆవిడ వాడిక ఇళ్ళలో మోపెడ్లవాళ్ళు అమ్మిన చేపల పులుసు మరుగుతుండేది. ఒక్కొక్క ఇల్లూ జారిపోయింది. "ఇలాగైతే గంప బోర్లించెయ్యాలే" అంది ఒకరోజు. అత్త నోట ఓడిపోయిన మాట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి నా డిగ్రీ అయ్యి, చేరిన ఉద్యోగం నచ్చక మానేసి, ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్నాను.

"నువ్వూ బండి నేర్చుకో అత్తా."

"ముసల్దానికి ఎవరు నేర్పుతారే?"

"నేను."

"అయితే పద" అని అప్పుడే కొంగు బిగించింది.

నాన్న పాత మోపెడ్‌తో రొయ్యల చెరువుల గట్టు మీద మొదలుపెట్టాం. తిన్నగా పోవడంలో అత్తకి తిరుగులేదు. చిక్కంతా పలకరింపులతోనే. గంప మోసేవాళ్ళు ఎవరు పిలిచినా మెడ తిప్పరు, మనిషి మొత్తం తిరుగుతారు. నెత్తి మీంచి గంప దిగినా ఆ అలవాటు దిగలేదు. చెరువు కాపలా ఉండే ఆయన పక్కనుంచి "ఏం అక్కా, బండెక్కేసేవే!" అని కేకేశాడు. అత్త మర్యాదగా, మనిషి మొత్తం, అటు తిరిగింది. చేతిలో హ్యాండిలూ తిరిగింది. బండితో సహా చెరువులోకి దిగిపోయింది.

నడుంలోతు నీళ్ళలో లేచి నిలబడి, "పిలిచేవుగా, ఏంటో చెప్పు!" అంది.

ఆయన భయపడిపోయి, "ఏం లేదండి, బాగున్నారా అని" అన్నాడు.

"ఆయ్, ఇందాకటిదాకా బాగానే ఉన్నానండి!"

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అంతే. కేక ఎటు వినిపిస్తే బండి అటు. చివరికి ఉపాయం ఆవిడే పట్టుకుంది. గంప కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని వచ్చింది. "నెత్తిన గంపుంటే ముందు ఆగుతామే, ఆనక తిరుగుతాం. నెత్తి ఖాళీగా ఉండేసరికి ఆగడం మర్చిపోతున్నా."

అంతే, మళ్ళీ పడలేదు. బండికి తనూ ఓ ఐసుపెట్టె కట్టించుకుంది. పోయిన ఇళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. చుట్టకుదురు పెట్టుకుని బండి మీద వచ్చే మనిషిని చూడటానికే కొందరు గుమ్మాల్లోకి వచ్చేవారు. "కార్తీకమాసం, ఈ నెల్లాళ్ళూ మాకొద్దమ్మా" అన్న రైతుగారింటి మామ్మగారికి, "ఆయ్, అలాగేనండి. చీరమీను మాత్రం ఈ నెల్లోనే వస్తాదండి" అని చెప్పి, నెమ్మదిగా బండి కదిలించేది. చీరలతో నీళ్ళు వడగట్టి పట్టే ఆ సన్నచేప మాట వినేసరికి మామ్మగారు వీధిలోకి వచ్చేసేవారు. "ఆగవే, ఆగు! పిల్లలకి వండాలి కదా!"

పెద్దకర్మ అయ్యాక ఆ బండి మీదే, ఆ ఇళ్ళకి కబురు చెప్పడానికి బయల్దేరాను. ఐసుపెట్టె ఖాళీ. చుట్టకుదురు ఎక్కడ పెట్టాలో తోచక నెత్తిన పెట్టుకున్నాను. హారను వినగానే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు. కబురు చెబితే మామ్మగారు ఖాళీ గిన్నె గుండెకి ఆనించుకున్నారు. తర్వాత "చెరువులో పడ్డ సంగతి వచ్చినప్పుడల్లా చెప్పేది" అన్నారు. చెబుతూ చెబుతూనే నవ్వేశారు. నేనూ నవ్వాను.

బండి కదిలించి వీధి మలుపు దాకా వచ్చాను. వెనకనుంచి మామ్మగారి కేక.

"అమ్మాయ్! రేపేం తెస్తావే?"

ముందు ఆగాను. తర్వాత, మనిషి మొత్తం, వెనక్కి తిరిగాను. నెత్తిన చుట్టకుదురు కదల్లేదు.