పిందెలు పందెం కాసిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం నా చేతిలో ఉన్నవి ఆఠీను రెండు, డైమండు ఏడు. అంటే ఏమీ లేనట్టే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

రాజోలు దగ్గర మా తాతగారిల్లు. ఆయన చర్చిలో సంఘపెద్ద, ఇంట్లో పేక కనబడకూడదు. అందుకని వాన పడితే కొబ్బరికాయల కొట్టులో చేరి ఆడుకునేవాళ్లం. డబ్బులకు బదులు చెట్ల కింద రాలిన పిందెలు, మనిషికి నలభై. ఓడలో వంటపని చేసే బావ సెలవుకి వచ్చి పోకర్ నేర్పాడు: చేతిలో రెండు ముక్కలు, నడుమ అందరికీ కలిపి ఐదు. మూడో మనిషి పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే.

ఆ రోజు బావ నా డైరీ మీద కూర్చున్నాడు.

"తెరవలేదు మరదలా, ఒట్టు. వాన వెలిసేసరికి నీ కుప్ప నా కుప్పకన్నా పెద్దదైతే నీ పుస్తకం నీకిచ్చేస్తాను. లేదంటే అత్తకి చదివి వినిపిస్తాను."

"చదువురా, మా పిల్ల ఏం రాస్తుందో నేనూ వింటాను," అని పిన్ని నవ్వింది.

పిన్నికి పిల్లల్లేరు. ఆవిడ ప్రేమ నాకు ఊపిరాడనివ్వదనీ, సొంత బిడ్డ ఉంటే నన్ను కాస్త వదిలిపెట్టేదనీ ఒకసారి కోపంలో రెండు పేజీలు రాశాను. ఆ పేజీలు అందులోనే ఉన్నాయి.

"ఇచ్చెయ్ బావా," అన్నాను.

మంచి ముక్కలు వస్తేనే పందెం కాయడం నా అలవాటు. నేను కాయగానే ఇద్దరూ ఆట వదులుకుని ముక్కలు పడేసేవారు. గెలిచినా రెండు మూడు పిందెలే వచ్చేవి. ఆటాటకీ ముందుగా నడుమ పెట్టేవి పోతూ ఉంటే నా కుప్ప ముప్ఫైకి దిగింది. బావకి నలభై రెండు. రేకుల మీద వాన చప్పుడు పలచబడుతోంది. కుప్ప కరిగాక మంచి ముక్కల్లేకుండా పందెం కాసి బెదిరిస్తే ఎవరూ బెదరరనీ, సరిపందెం పెట్టి ముక్కలు తిప్పించి చూడ్డానికి అవతలివాళ్లకి పెద్దగా పోయేదేమీ ఉండదనీ బావే చెప్పాడు. ఇంకో నాలుగాటలు ఆగితే నా మాటకి భయపడేవాళ్లుండరు.

నడుమ ముక్కల్లో మూడు ఇస్పేట్లు పడ్డాయి, ఒకటి రాజు. ముగ్గురం ఎనిమిదేసి పిందెలు పెట్టి ఉన్నాం. మిగిలిన ఇరవై రెండూ రెండు చేతులతో ముందుకు తోశాను. ఎప్పటిలాగే తల వంచుకుని చాప వైపు చూస్తూ కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

"ఆయ్! ఈ పిల్ల మొత్తం తోసిందంటే ఐదు ఇస్పేట్లూ కుదిరిపోయినట్టే అత్తా. నేను లేను," అని బావ ముక్కలు పడేశాడు.

పిన్ని పడేయలేదు. తన ముక్కలు చూసుకుంది, నా వైపు చూసింది, మళ్లీ ముక్కలు చూసుకుంది. ప్రభువా, నా ముక్కలు చూడనీయకు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. దేనికోసం ఆయన్ని పిలుస్తున్నానో తెలిసి సిగ్గేసింది కూడా.

చివరికి పిన్ని కూడా పడేసింది. నా రెండు ముక్కలూ గబగబా పేకలో కలిపేశాను. మరో ఆట పంచకుండానే వాన వెలిసింది. బావ లేచి డైరీ దులిపి నా చేతిలో పెట్టాడు.

వాడు బయటికి వెళ్లాక పిన్ని తన ముక్కలు తిప్పి చూపించింది. రెండు రాజులు. నడుమ ఉన్నదానితో మూడు. నాకు నిజంగా ఐదు ఇస్పేట్లు కుదిరి ఉంటే తప్ప ఆట ఆవిడదే.

"మరెందుకు పడేశావు పిన్నీ?" అన్నాను. డైరీని గట్టిగా పట్టుకునే ఉన్నాను.

"నువ్వు కాశావు కదమ్మా. నాతో ఎప్పుడన్నా అబద్ధం ఆడేవా?"