సోయా సాస్ కొట్లో విలేకరి

సీ బూన్ లియాంగ్ మా అమ్మకు అన్న. నాకు ఎంకూ, అంటే మేనమామ. ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో ఒక దినపత్రికలో పనిచేసేవారు. రేవులోకి కొత్త ఓడ వచ్చినా, చైనా వీధిలో పెద్ద పెళ్లి జరిగినా వార్త ఆయనే రాసేవారు. ఖాళీ దొరికితే పాత సామాన్ల కొట్ల వెంట తిరిగి తాతల కాలం నాటి మలయ్ పత్రికలు, నాటకాల కరపత్రాలు, మా చైనావాళ్ల పెళ్లి పాటల పుస్తకాలు కొనుక్కొచ్చేవారు. వాళ్లింట్లో ఒక గది నిండా అవే. పిల్లలు లేరు కనుక ఆ గదికి వేరే అవసరం పడలేదు.

పందొమ్మిది వందల అరవై ఐదు చివర్లో కమ్యూనిస్టులనీ చైనా మనుషులనీ అనుమానపడి సైన్యం దేశమంతా జనాన్ని పట్టుకుపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎంకూ ఆఫీసుకు ఎదురుగా ఉన్న బండి దగ్గర నూడుల్స్ తినడానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఫొటోలు తీసే కుంచొరో లేడు. సైనికులు వచ్చి తీసుకుపోయారని చెప్పారు. కుంచొరో కుర్చీ వెల్లకిలా పడి ఉంది. ఎంకూ దాన్ని లేపి నిలబెట్టి, తన చోట కూర్చుని, సగంలో వదిలిన మిరియాల ధరల వార్త పూర్తి చేశారు. దాన్ని అచ్చు వేసేవాళ్లు లేరు. సాయంత్రానికి ఆఫీసుకు తాళం పడింది. కుంచొరో మళ్లీ కనిపించలేదు.

ఆ వారంలోనే ఎంకూ భార్య లాన్ నియో, మా ఎంకిమ్, ఆ గదిలోని కాగితాల మూటలు రిక్షాలో వేసుకుని మా ఇంటికి వచ్చింది. వెనకే ఎంకూ నడిచి వచ్చారు. మా నాన్నకు సోయా సాస్ తయారుచేసే కొట్టు ఉంది. సోయా చిక్కుళ్లు ఉడికించే పెద్ద పొయ్యి పెరట్లో ఉండేది.

"వీటి మీద చైనా అక్షరాలున్నాయి. ఇంట్లో దొరికితే ఈయన్నీ తీసుకుపోతారు" అంది ఎంకిమ్.

మా అమ్మ ఏడుస్తూ అన్నగారి వంక చూసింది. ఆయన ముక్కాలి పీట లాక్కుని పొయ్యి ముందు కూర్చున్నారు. అట్టలు త్వరగా కాలవని ఒక్కొక్కటీ చింపి ఇస్తూ ఎంకిమ్‌తో, "తడిసినవి ముందు వేయకు, పొగొస్తుంది" అన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పెద్దవాళ్లకు బాధేస్తే ఇలాగే ఉంటారు కాబోలనుకున్నాను.

ఆ తర్వాత ఆయన మా కొట్లోనే సీసాలకు లేబుళ్లు అంటించే పనిలో చేరారు. ఏళ్లు గడిచాయి. అడిగినదానికి జవాబు చెప్పేవారు, పెట్టింది తినేవారు. మా నాన్న ఊరుకునేవాడు కాదు, కోహ్, అంటే అన్నా, అని పిలుస్తూ వేళాకోళం ఆడేవాడు.

"ఏం కోహ్, ఒక్క లేబుల్‌కి ఇంతసేపా? వార్త రాస్తున్నావా?"

"రాయడానికేముంది? చిక్కుళ్లు, ఉప్పు, తాటిబెల్లం."

మా కొట్టుకు సరిజో అనే జావా ఆయన సాస్ కొనడానికి వచ్చేవాడు. రిక్షా తొక్కేవాడు. అంతకుముందు గుడి ముంగిట చేతికి తొడిగే చైనా బొమ్మలాడించేవాడు. చైనావాళ్ల పండుగలు, ఆటలు బయట చేయకూడదని సర్కారు నిషేధం పెట్టాక బొమ్మలు పెట్టెలోకి చేరాయి, అతను రిక్షా ఎక్కాడు. ఒకరోజు సీసా నిండేదాకా నిలబడి ఏదో పద్యం సన్నగా పాడుకుంటున్నాడు. లేబుల్ అంటిస్తున్న ఎంకూ చెయ్యి ఆగింది.

"అది మా హొక్కియన్ భాష కదా. నీకెలా వచ్చు?"

"చిన్నప్పుడు వేదిక కింద పడుకునేవాణ్ణి కోహ్. అదే వచ్చేసింది."

"అర్థం తెలుసా?"

"అర్థం నాకెందుకు? నోరు నాది, అర్థం చూసేవాళ్లది."

మర్నాటి నుంచి ఎంకూ పని కాగానే సరిజో ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు. అరుగు మీద కూర్చుని సరిజో పాడుతుంటే రాసుకునేవారు. ఒక్కోసారి నేనూ వెళ్లేదాన్ని.

"ఇదే పద్యం నిన్న వేరేలా చెప్పావు" అనేవారు ఎంకూ.

"నిన్న ఆకలి మీదున్నా."

"రెండింట్లో ఏది సరైనది?"

"సరిచూసే మా గురువు చచ్చిపోయాడు. నువ్వు రాసిందే సరైనదవుతుంది, రాసేయ్."

ఎంకూ రెండూ రాసుకునేవారు. సరిజో దగ్గర అయిపోయాక పాత తప్పెటవాళ్ల దగ్గరికి, బొమ్మలకు బట్టలు కుట్టిన ముసలమ్మల దగ్గరికి వెళ్లారు. వాళ్లింటి గదిలో మళ్లీ కాగితాలు పేరుకున్నాయి. ఎంకిమ్ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఒకసారి నా చేత్తో కాల్చాను. మళ్లీ నావల్ల కాదు. ఈసారి అవసరమొస్తే నువ్వే కాల్చుకో."

"సరే."

"సరే ఏమిటి సరే! ఒక్కసారి తిట్టొచ్చుగా నన్ను? అప్పుడూ తిట్టలేదు."

"నువ్వు చేసింది సరైనదేగా" అన్నారాయన. ఎంకిమ్ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టింది.

ప్రభుత్వాలు మారి నిషేధం ఎత్తేసేసరికి ఎంకూకి డెబ్బై దాటాయి. ఆయన రాసిన బొమ్మలాట చరిత్రను యోగ్యకర్తలో ఒక చిన్న ప్రచురణకర్త వేశాడు. ఆ పుస్తకం వచ్చిన సందర్భంగా గుడి ముంగిట సరిజో చేత ఆట పెట్టించారు. ఒక యువ విలేకరి మైకు పట్టుకుని వచ్చాడు.

"ఇన్నేళ్లు రహస్యంగా రాశారు కదా సార్, ఎలా అనిపించేది?"

"మధ్యాహ్నం రాసేవాణ్ణి. తర్వాత అన్నం తినేవాణ్ణి."

ఆ కుర్రాడు ఇంకా ఏమైనా చెబుతారేమోనని చూసి వెళ్లిపోయాడు.

ఆటలో సరిజో ఒకచోట పద్యం మరిచిపోయాడు. తప్పెట ఆగింది. ఎంకూ కూర్చున్నచోటి నుంచే ఆ పద్యం అందించారు. తెర వెనక నుంచి సరిజో, "ఎవరండీ అది? నాకంటే బాగా వస్తుంటే వచ్చి మీరే ఆడించండి!" అన్నాడు. జనం పకపకా నవ్వారు.

ఇంటికి వెళ్తూ అడిగాను. "సంతోషంగా లేదా ఎంకూ?"

"ఉండాలి" అన్నారు. కాస్త దూరం నడిచాక, "ఆ కుర్చీ గట్టిగా ఉంది. నడుం పట్టేసింది" అన్నారు.

తర్వాత కూడా ఆయన ఖాళీగా కూర్చోలేదు. ఊరి దక్షిణాన కొండ మీద చైనావాళ్ల పాత సమాధులను తీసేసి ఇళ్లు కడతారని తెలిసి, రాళ్ల మీది పేర్లు రాసుకోవడానికి వెళ్లేవారు. గొడుగు పట్టుకుని నేనూ వెళ్లేదాన్ని. నాచు పట్టిన అక్షరాల మీద సుద్ద రుద్ది చదివేవారు. అక్కడ మట్టి తవ్వే కూలీ ఒకడు అడిగాడు.

"మీ చుట్టాలా తాతా?"

"కాదు."

"మరెందుకు ఈ వానలో?"

"తొందరగా తవ్వేస్తారుగా మీరు."

కూలీ నొచ్చుకుని, ఆ వరసను అన్నిటికంటే చివర తవ్వుతానన్నాడు. సగం కొండ మీది పేర్లు రాయడం పూర్తయ్యేసరికి ఎంకూకి జ్వరమొచ్చింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు. ఆసుపత్రిలో నర్సు నొప్పిగా ఉందా అని అడిగితే తెలియదన్నారు. అక్కడే పోయారు.

బూడిద సముద్రంలో కలపడానికి జాలరి పడవలో వెళ్లాం. సరిజో నిలబడి పద్యం చెప్పబోయి, పడవ ఊగి, వాంతి చేసుకున్నాడు. ఎంకిమ్ అతని వీపు నిమిరి, "కూర్చో పెద్దాయనా. ఆయనేమీ అనుకోరు" అంది. ఇంటికొచ్చాక నాకు ఆకలిగానే ఉంది. అన్నం తిన్నాను.

వానలు తగ్గాక, ఆయన పేర్లు రాయని మిగతా సగం కొండనూ చదును చేశారు.