లోసివాలే కప్పుకున్న చాప

మొగలి ఆకు చాపలు నేయడంలో లోసివాలేకు సవాయి దీవి మొత్తం మీద సాటి లేదని మా చర్చి ఆడవాళ్ళందరం ఒప్పుకుంటాం. ఆమె చెవిన పడకుండా ఇంకో మాట కూడా అనుకుంటాం. ఎవరైనా కొత్త చాప విప్పి పదిమంది ముందు పట్టుకుంటే, చూసిన ఆడవాళ్ళు "భేష్, ఎంత అందం!" అని కేక వేయాలి. అది మా మర్యాద. సరిగ్గా ఆ క్షణానికే లోసివాలేకు దగ్గొచ్చేది.

భర్త పోయాడు, పిల్లలు లేరు. తమ్ముడు ఇయోనాకు వండిపెట్టడం, చాప నేయడం, అంతే ఆమె లోకం. కొత్త చర్చి ప్రతిష్ఠ రోజున కానుకగా ఇచ్చే చాపల్లో అందరికంటే ముందు విప్పేది తనదే కావాలని నాలుగేళ్ళు నేసింది. నేత ఎంత సన్నమంటే, చాప కింద చెయ్యి పెడితే వేళ్ళు కనిపించేవి.

పాస్టరుగారు మాత్రం మొదటి చాప ఫువాటినోది అన్నారు. ఫువాటినో మా డీకన్ ఇయాకోపో భార్య. ఇరవై ఏళ్ళుగా నేత పాకలో లోసివాలే పక్కనే కూర్చుని నేసిన మనిషి. ఆ చాప మొదలుపెట్టిన ఆమె తల్లి అది పూర్తికాకుండానే కన్నుమూసిందని పాస్టరుగారి జాలి.

మర్నాటి నుంచి ఇద్దరూ పాకలో చెరో మూలకు జరిగారు. గురువారం స్త్రీల ప్రార్థనలో లోసివాలే కళ్ళు మూసుకుని, "ప్రభువా, చచ్చినవాళ్ళ పేరు చెప్పుకుని ముందుకొచ్చేవాళ్ళని నువ్వే చూసుకో" అంది. ఫువాటినో ఊరుకుంటుందా? "తండ్రీ, కుళ్ళుబోతు కళ్ళకి మందెయ్యి" అంది. మేము రెండింటికీ ఆమెన్ అన్నాం. నేనైతే గట్టిగానే అన్నాను, సరదాగా ఉందని.

ఆ శనివారం సాయంత్రం నేను ఫువాటినో ఇంట్లో ఉన్నాను. వాళ్ళ పంది ఇయాకోపో చర్చికి వేసుకెళ్ళే చెప్పు ఒకటి నోట కరుచుకుని పరుగెత్తింది. ఆయన ఒంటి చెప్పుతో వెంటపడ్డాడు. పడీపడీ నవ్వాం. దారిన పోతున్న లోసివాలే ఆ నవ్వు విని తన గురించే అనుకుంది.

ఇంటికెళ్ళి ఏడ్చిందట. "ఒరే ఇయోనా, ఆ ఇంట్లో నన్ను చూసి పగలబడి నవ్వుతున్నార్రా. నువ్వుండి ఏం లాభం?"

ఇయోనా వచ్చాడు. అరవలేదు, అడగలేదు, రాయి విసిరాడు. ఇయాకోపో కనుబొమ చీలి ముఖమంతా రక్తం. ఇంకో వేలెడు కింద తగిలితే కన్ను పోయేదే.

ఇలాంటిదానికి మా దగ్గర ఒకటే దారి. తప్పు చేసినవాళ్ళు తెల్లవారుతుండగా వచ్చి, చాప కప్పుకుని, ఎదుటివాళ్ళ వాకిట్లో తలవంచి కూర్చోవాలి. ఆ ఇంటివాళ్ళు చాప తీస్తే క్షమించినట్టు. కప్పుకున్న చాప ఇక ఆ ఇంటిదే.

వాళ్ళ వంశపెద్ద, లోసివాలే చిన్నాన్న, "పాత చాప ఒకటి పట్రావే, చాల్లే" అన్నాడట. ఆమె కొత్తది తెచ్చింది.

"మతి పోయిందేంటే నీకు? నాలుగేళ్ళు నేశావు!"

"రాయి వేసింది వాడే, చిన్నాన్నా. వేయించింది నేను. గొడవంతా దీనికోసమేగా, ఇదే కప్పండి."

అక్కా తమ్ముడూ ఆ చాప కింద కూర్చున్నారు. ఎండెక్కింది. ఆదివారం గంట మోగినా చర్చికి ఎవరూ కదల్లేదు. ఇయాకోపో తలకి కట్టుతో అరుగు మీద కూర్చుని, "నీ ఇష్టం" అన్నట్టు లోపలున్న భార్య వంక చూశాడు. ఫువాటినో చాలాసేపటికి బయటికొచ్చి చాప ఎత్తింది.

"లే అక్కా. కాళ్ళు తిమ్మిరెక్కుంటాయి."

లోసివాలే లేవలేకపోయింది. "నా వల్ల మీ ఆయన కన్ను పోయేది, ఫువా."

"పోలేదుగా. పంది ఎత్తుకెళ్ళి నిన్న మమ్మల్ని నవ్వించిన ఆ ఒక్క చెప్పూ కనబడేదాకా ఆయనకి కళ్ళు కావాలి." చాప అంచు వేళ్ళతో తడిమి చూసింది. "పక్కన కూర్చున్నా ఏనాడూ చేత్తో పట్టి చూడలేదు. ఇంత సన్నగా నేశావని తెలిస్తే నేను పోటీకొచ్చేదాన్నే కాదే."

ఇద్దరూ ఏడ్చారు. నాకు చెప్పరాని సిగ్గేసింది. ఆ రెండు ప్రార్థనలకీ ఆమెన్ అన్న నోరే నాది.

ప్రతిష్ఠ రోజు వచ్చింది. ఫువాటినో తన తల్లి చాపను రెండోది చేసి, లోసివాలే చాపను ముందు పట్టుకుంది. కానుకలు ప్రకటించే ఊరి పెద్దాయన లేచి, ఆచారం ప్రకారం, నేసినవాళ్ళది కాకుండా ఇచ్చినవాళ్ళ పేరు మాత్రమే చెప్పాడు: "డీకన్ ఇయాకోపోగారి ఇంటి చాప!"

విప్పారు. ఎర్ర ఈకల అంచు గాలికి కదిలింది. కేక వేయాల్సిన మేమంతా లోసివాలే వంక చూశాం. ఆమె నా పక్క బెంచీలోనే ఉంది. గొంతు సవరించుకుంటే, ఇదుగో దగ్గు అనుకున్నాను.

"భేష్!" అని అరిచింది లోసివాలే. "ఎంత అందం!"

అప్పుడు మేమూ అందుకున్నాం.