తిరగ ఒకసారి అనుక్కా!

అళగిరి ముందు ఎవరూ పోట్లాడుకోకూడదు. పోట్లాడుకుంటే విడదీయడానికి రాడు, నోటుబుక్కు పట్టుకుని వస్తాడు. మాటలు మాంచి వేడి మీద ఉన్నప్పుడు మధ్యలో దూరి, పెన్ను విదిలించి, "ఏమంటివి? తిరగ ఒకసారి అను" అంటాడు. తిట్టిన తిట్టు మళ్లీ తిట్టమంటే ఎవరికి వస్తుంది? తిట్టేవాళ్లకి నవ్వొస్తుంది. తిట్లు తినేవాళ్లకి అంతకంటే ముందే వస్తుంది. అరవనాట రాజపాళయంలో ఆ వీధి పోట్లాటలు సగానికి సగం అట్లాగే పాడైపోయాయి.

స్పిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కథలు రాస్తాడట. తెలుగు మాటలే, అరవ అక్షరాల్లో. ఆ వీధిలో తెలుగు అందరి నోట్లోనూ ఉంది, తెలుగు రాత మాత్రం ఎవరికీ రాదు. "కథలో మనిషి నోరు తెరిస్తే నీకు చెవి మండాల" అనేవాడు గానీ, రాసింది ఏనాడూ ఎవరికీ చదివి వినిపించలేదు. సేత్తూరు బస్సులో కండక్టరు చిల్లర కోసం ఎవరి మీదో కసిరితే, ఇంకో కసురు వినడం కోసం దిగాల్సిన చోట దిగకుండా సేత్తూరుదాకా పోయేవాడు. ఒకసారి చావింట్లో ఏడుస్తున్న చిన్నత్తాయి అనే ఆమె పక్కన కూర్చుని, "ఏమంటివమ్మా? తిరగ ఒకసారి అను" అన్నాడు. చిన్నత్తాయి చెంబు విసిరింది. విసురుతూ అన్న మాట కూడా రాసుకున్నాడు.

ఎదురింటి పాప్పమ్మాళ్‌కి అతన్ని చూస్తే ఒళ్లు మంట. ఆమె చదువు మూడో క్లాసు. నోటికి మాత్రం ఏ పంతులూ సరిపోడు. ఆమె గొంతు లేస్తే వీధిలోని తెల్ల వేటకుక్క మంచం కిందికి దూరేది.

"నా మాటలు ఏరుకొని పోయి ఏం చేస్తావురా? పచ్చడి పెడతావా?"

"ఏమంటివి? తిరగ ఒకసారి అనుక్కా."

నిరుడు వానల్లో ఆమెకి పక్షవాతం వచ్చింది. చెయ్యి పదిరోజుల్లో దారికొచ్చింది, మాట రాలేదు. రాలేదనడం తప్పు, వంకరగా వచ్చింది. నీళ్లడగబోతే "నీ... నీనీ" అని వచ్చింది. కోడలు భార్గవి పసిపిల్లని అడిగినట్టు, "నీళ్లా అత్తా? నీళ్లు కావాల్నా?" అంది. అంతే. పాప్పమ్మాళ్ నోరు మూసుకుంది. అంత నోరున్న మనిషి వంకర మాట వీధికి వినిపిస్తుందా?

"నోరు వాడకపోతే అది అట్లే మొద్దుబారిపోతుంది. ఒకే మాటని పదిసార్లు అనిపించండి" అన్నాడు డాక్టరు. భార్గవి బతిమాలింది, కొడుకు దండం పెట్టాడు. నలభై రోజులు ఆమె పెదవి కదపలేదు. పాలవాడు కాశి రోజుకొక చెంబు నీళ్లు ఎక్కువ పోశాడు. అడిగే నోరేది?

నలభై ఒకటో రోజు అళగిరి వచ్చి ఆమె ఇంటి తిన్నె మీద కూర్చున్నాడు. "కథ రాసినానక్కా. కోడి పోయిన ఆడమనిషి పక్కింటామెని అడగతా ఉండాది. ఇట్ల అంటారా చెప్పు" అని, రేడియోలో వార్తలు చదివే గొంతుతో మొదలుపెట్టాడు. "'అమ్మణీ! తాము నా కోడిపెట్టను అపహరించి కూర వండుకొనుట నాకెంతయు విచారము కలిగించినది. దయచేసి దానిని తిరిగి ఇవ్వవలెనని ప్రార్థించుచున్నాను.'"

పాప్పమ్మాళ్ చెవుల్లో సీసం పోసినట్టయింది. ముప్పై ఏళ్లు వీధి వీధంతా ఏరుకుని వీడు రాసింది ఇదా! పళ్లు బిగించింది. ఆగలేదు.

"ఛీ! కో... కోడి పోతే... ప్రా... ప్రార్థనా?"

"ఏమంటివి? తిరగ ఒకసారి అనుక్కా. రాసుకోవాల."

"కోడి పోతే ప్రా... ప్రార్థనారా?"

"సరిగా ఇనపళ్లా. ఇంకొకసారి."

ఆరుసార్లు అనిపించాడు. పోతూ పోతూ, "రేపు దిద్దుకొని వస్తా" అన్నాడు.

మర్నాడు దిద్దుకొచ్చింది మరీ ఘోరం. కోడి దొంగ "క్షమింపుడు" అంటోంది. పాప్పమ్మాళ్‌కి ఆ రాత్రి అన్నం దిగలేదు. మూడోనాటికి అతను రాకముందే తిన్నె మీద కూర్చుంది.

"కోడి పోయినామె... ముందే కోడి పేరు ఎత్తదురా, మడ్డోడా! పొ... పొయ్యి మీద ఏముండాదని అడగతుంది."

"ఎందుకక్కా?"

"దొంగ నోటితోనే... కోడి అనిపించాల."

అట్లా మూడు నెలలు. అతను చెడగొట్టడం, ఆమె తిట్టడం, "తిరగ ఒకసారి అనుక్కా" అనడం. నాలుక తిరుగుతూ వచ్చింది. కాశికి కూడా కబురందింది, పాలు చిక్కబడ్డాయి.

ఒక సాయంత్రం వాన పట్టుకుంటే అళగిరి తన సంచి తిన్నె మీదే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. తడవకుండా పాప్పమ్మాళ్ లోపల పెట్టబోయింది. అడుగున ఒక పాత నోటుబుక్కు, అట్ట మీద పన్నెండేళ్ల కిందటి తారీకు. తనకొచ్చిన నాలుగు అరవ అక్షరాలతో, వేలు పెట్టి, కూడబలుక్కుని పైకి చదివింది.

"'ఏమే పళనియమ్మా, పొయ్యి మీద ఏముండాది? వాసన మా ఇంటిదాకా వస్తా ఉండాది. మూత నువ్వు తీస్తావా, నేను తీయాల్నా?'"

తన మాటే. పన్నెండేళ్ల కింద, తన పెట్ట పోయిననాడు పక్కింటి పళనియమ్మాళ్‌ని అన్న మాట. మూడు నెలలుగా అతనికి నేర్పలేక తను గొంతు చించుకుంటున్న మాట. ఇన్నేళ్లూ అతని దగ్గర ఒక్క పొల్లు పోకుండా పడి ఉంది.

"దొంగవెధవ!" అంది పాప్పమ్మాళ్. నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు అళగిరి కొత్త కాగితంతో వచ్చాడు. చదివాడు. పొయ్యి, వాసన, మూత, అన్నీ ఉన్నాయి. వింటుంటే పళనియమ్మాళ్ మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డట్టే ఉంది.

"సరిపాయెనాక్కా? కథ ముగిసె. నీ నోరు గూడా బాగై పాయె. రేపట్నించి నీకు నా పీడ ఉండదు."

పాప్పమ్మాళ్ కాగితం వైపు చూసింది. ఎదురింటి వాకిలి వైపు చూసింది. తర్వాత బతుకులో మొదటిసారి, బాగున్న మాటని బాగాలేదంది.

"ఏం సరిపాయె? ఒక్క మాట సరిలేదు. ఎవురంటారురా అట్ల? రేపు దిద్దుకొని రా."

అళగిరి నోరు తెరిచాడు. ఆమె ఒళ్లో తన సంచి కనిపించింది, సంచి పైన పాత నోటుబుక్కు. మెల్లగా జేబులోంచి పెన్ను తీసి విదిలించాడు.

"ఏమంటివి? తిరగ ఒకసారి అనుక్కా."

పాప్పమ్మాళ్ గొంతు సవరించుకుని, పక్క వీధికి కూడా వినిపించేలా, తిరగ అంది. తెల్ల కుక్క లేచి మంచం కిందికి పోయింది.