రేక్‌బ్యాక్ జఖార్, మా ఇంటి తివాచీ

మా మెట్లవరసలో, అంటే ఒకే మెట్లెక్కే కాపురాల్లో, జఖార్‌ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ వాడు ‘రేక్‌బ్యాక్’. ఆ పేరు పెట్టింది నేనే. మా కుర్గాన్ ఊళ్లో సగం మందికి పేర్లు పెట్టింది నేనేనని ఎవరినడిగినా చెబుతారు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక జఖార్ ఒక చలికాలం ఉత్తరాన మంచులో గ్యాసు గొట్టాలు పూడ్చే పనికి వెళ్లాడు. ఎడమ కాలి వేళ్లు రెండు అక్కడే వదిలేసి వచ్చాడు. మిగిలిన మూడూ ఉడకబెట్టిన బీట్‌రూట్ రంగులో ఉండేవి. ఆ కాలికి ఇంకోసారి చలి కొడితే పాదమే తియ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అంతే, వాడు వంటింటి కిటికీ పక్కన కూలబడి కంప్యూటర్లో పేకాట మొదలుపెట్టాడు. ఒకేసారి వంద బల్లల మీద ఆడేవాడు. సరే, పదహారనుకోండి. ఆ మౌస్ నొక్కుడుకి మా గోడ సున్నం రాలేది.

ఆ ఆట సంగతి నాకు వాడే చెప్పాడు, నా ఏడో తరగతి చదువుకి అది చాలు. ప్రతి పందెంలోంచీ సైటువాడు కాస్త గిల్లుకుంటాడు. అది రేక్. నెల తిరిగాక ఆ గిల్లినదాంట్లో కొంత మళ్లీ నీ చేతిలో పెడతాడు. అది రేక్‌బ్యాక్. జఖార్‌కి ఆటలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఆ తిరిగొచ్చే ముక్క మీదే బతికేవాడు. పాత సైటులో వందకి పాతిక వచ్చేది. చిన్న బల్లలు, చిల్లర పందేలు. తాగినవాళ్లూ, పెళ్లాంతో పోట్లాడి వచ్చినవాళ్లూ నాలుగు రాళ్లు పారేసుకుని పోయేవారు.

వాడి భార్య ఫైనా క్రేన్ నడుపుతుంది. నవంబర్లో ఓ ఆదివారం వాళ్లింట్లో ముగ్గురం పెల్మెనీలు, అంటే మాంసం కూరిన పిండి ఉండలు, చుడుతున్నాం. అప్పుడు వాళ్లనుకున్న మాట నా చెవులతో విన్నాను.

“మా తమ్ముడు యెగోర్ ఫిబ్రవరి పదిన ఉత్తరానికి పోతున్నాడు. కూలీల బసలో నీకూ ఓ మంచం అట్టేపెట్టమన్నా,” అంది ఫైనా.

“నా కాలు చూశావా?”

“రోజూ చూస్తూనే ఉన్నా, ముక్కాలి పీట మీద మహారాజులా. ఎనిమిదేళ్లుగా ఈ ఇంటిని నేనొక్కదాన్నే లాగుతున్నా జఖార్. ఫిబ్రవరి అయిదుకి నా జీతమంత తెచ్చి ఇక్కడ పెట్టు. ఆ పైన నీ ఎలుకని పట్టుకుని చచ్చేదాకా కూచో, అడిగితే ఒట్టు.”

జఖార్ పిండి అంటిన వేళ్లు గుడ్డకి తుడుచుకుని, వెళ్లి కంప్యూటర్ ముందు కూచున్నాడు.  

కింది అంతస్తులో మకార్ అని ఒకడు. వీడిని చూసి వాడూ అదే ఆటలో పడ్డాడు. సొంత ఇంటర్నెట్టు పెట్టుకునే స్తోమత లేక జఖార్ కిటికీలోంచి తన కిటికీకి వైరు లాక్కున్నాడు. కొత్త సైటు కబురు మోసుకొచ్చింది ఆ మహానుభావుడే.

“వందకి అరవై అన్నా! అరవై!”

“ఊరికే ఇస్తార్రా?”

“నెలకి ఇంత రేక్ అని ఓ గీత ఉంది, అది దాటాలి. నీ పిల్ల బల్లల మీద ఏడాది కూచున్నా దాటవు. అయిదింతల పందేల్లోకి రావాలి.”

“అయిదింతలా? ఒరేయ్, అక్కడ కూచునేవాళ్లు నన్ను పచ్చిగా తింటారు.”

“తిననీ. నెలాఖర్న అరవై వస్తుందిగా!”

అలా కొత్త సైటుకి మారాడు. జనవరిలో చూస్తే మనిషి సగమయ్యాడు. ఏమయ్యా అంటే, “గొర్రె ఒక్కటీ లేదు పిన్నీ, అన్నీ తోడేళ్లే. ప్రతివాడూ ఆ అరవై కోసమే వచ్చాడు. ఒకరి తోక ఒకరం కొరుక్కుంటున్నాం, సైటువాడు నెత్తురు నాక్కుంటున్నాడు,” అన్నాడు.

“మరి పాతచోటికే పో.”

“ఎలా పోను? ఇక్కడ తొమ్మిది వందల డాలర్లు ఓడినా పద్నాలుగు వందలు తిరిగొస్తాయి, మిగిలే అయిదు వందలు ఫైనా జీతమంత. అక్కడ ఓడకుండా ఆడినా ఫైనా జీతంలో సగం రాదు.”

ఓడటమే ఉద్యోగంగా పెట్టుకున్నవాణ్ణి నా బతుకులో వాణ్ణొక్కణ్ణే చూశాను.

జనవరి ఇరవై ఎనిమిదికి గీత దాటాడు. పద్నాలుగు వందలూ వాడి పేరు మీద కనిపిస్తున్నాయి, అయిదో తారీకున చేతికొస్తాయి. ఆ మర్నాడే సైటునుంచి ఉత్తరం: ఒకే ఇంటి వైరు మీద రెండు పేర్లు, రెండూ ఒకే బల్లల మీద. మీరు ఇద్దరు మనుషులా, ఒక్కడే రెండు పేర్లతో మోసం చేస్తున్నాడా? పాస్‌పోర్టు పట్టుకుని ఎవరి ఫోటో వాళ్లు పంపండి.

ఇద్దరూ తిన్నగా నా దగ్గరికి వచ్చారు. రారూ మరి! మా మెట్లవరసలో సైన్యానికి పోయేవాడైనా, పెళ్లి కుదిరిన పిల్లయినా ఫోటో తీయించుకునేది మా ఇంట్లో గోడకి వేలాడే తివాచీ ముందే. వాగు దగ్గర మూడు లేళ్లు, వెనక కొండ. అలాంటి తివాచీ మాస్కోలో మంత్రుల ఇళ్లలో కూడా లేదు.

ఇద్దరూ సాగిపోయిన స్వెటర్లలో ఉన్నారు. “ఈ అవతారాలు చూసి మిమ్మల్ని ఎవడు నమ్ముతాడ్రా?” అని నేనే తిట్టి, పోయిన మా ఆయన నల్లకోటు తీసిచ్చాను. ముందు జఖార్ తొడుక్కున్నాడు. తర్వాత మకార్. తల దువ్వింది నేనే, ఇద్దరికీ ఎడమ పాపిడి. ఫోటో తీసిందీ నేనే.

“పెళ్లికొడుకుల్లా ఉన్నారు!” అన్నాను కూడా.

ఫిబ్రవరి మూడున జవాబొచ్చింది. రెండు ఫోటోల్లోనూ ఒకే గది, ఒకే తివాచీ, ఒకే కోటు. రెండో మొహం అద్దెకి తెచ్చింది, కాబట్టి ఇది ఒక్కడి పనే. రెండు ఖాతాలూ మూసేశాం, సొమ్ము జప్తు. మళ్లీ రాస్తే పలికిన దిక్కు లేదు.

మకార్ మెట్ల మీద కూచుని గుడ్లగూబలా చూస్తున్నాడు. జఖార్ మా గుమ్మంలో నిలబడి, లోపల గోడ మీద లేళ్లని చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మంచి తివాచీ పిన్నీ,” అన్నాడు, అంతే.

అయిదో తారీకున ఫైనా కేకలు వెయ్యలేదు. తన ఉన్ని మేజోళ్లు మూడు జతలు తెచ్చి వాడి సంచిలో పెట్టింది. “రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకో. తడిస్తే వెంటనే మార్చు,” అంది. గొంతు మామూలుగానే ఉంది. పదో తారీకున యెగోర్‌తో రైలెక్కించి వచ్చి, రెండు రోజులు ఎవరికీ తలుపు తియ్యలేదు.

మార్చి నెలాఖర్న జఖార్‌ని ఆస్పత్రి బండిలో తీసుకొచ్చారు. ఈ ఒక్కటీ నేను పెంచి చెప్పడం లేదు: ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. నలుగురు పట్టుకుని నాలుగో అంతస్తుకి ఎక్కిస్తుంటే, “నెమ్మది, నెమ్మది,” అంటూ ఫైనా వెనకే, ఇక అక్కర్లేని బూటు కూడా చేతిలో పట్టుకుని ఎక్కింది.

ఇప్పుడు మళ్లీ ఆ కిటికీ పక్కనే. పాత సైటు, చిల్లర పందేలు, వందకి పాతిక. టీ ఫైనాయే తెచ్చి పెడుతుంది, కేకలు లేవు. మకార్ వైరు ఎవరూ తియ్యలేదు, గాలికి కొట్టుకుంటోంది.

తివాచీ నేను చుట్టి మంచం కింద పెట్టేశాను. మొన్న రెండో అంతస్తు పిల్ల పెళ్లి ఫోటో కోసం వచ్చి, “అదేంటి పిన్నీ, గోడ బోసిగా ఉంది?” అంది.

“చిమ్మట కొట్టిందమ్మా,” అన్నాను.