వేళ్ళ సందున ఏడు గీతలు

నా చిన్నప్పుడు లెక్కపెట్టకుండా నేను దేన్నీ వదిలేదాన్ని కాదు. మెట్లు, కిటికీ ఊచలు, దొరలను కూర్చోబెట్టుకుని మనుషులు తోసుకుపోయే బండ్లు, అన్నీ లెక్కే. బడికి పోకుండానే వంద దాటి లెక్కించడం వచ్చిందని గర్వంగా ఉండేది. ఆ లెక్కే ఒకసారి ఒక మనిషిని మా ఇంటినుంచి వెళ్ళగొట్టబోయింది. ఇన్నేళ్ళకు దాన్ని తల్చుకుంటే సిగ్గు కన్నా అలసటే ఎక్కువగా అనిపిస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మ తోడబుట్టిన పెద్దమ్మ చనిపోయాక ఆమె భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లో ఇక చోటు లేకపోయిన పెద్దమ్మ కూతుర్ని మా నాయన సేదరపేట నుంచి తీసుకొచ్చాడు. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. వెనక్కి పంపితే ఆ గడప కూడా ఎక్కనివ్వరని మా అందరికీ తెలుసు. వచ్చిన రోజునుంచి నేనూ ఆమె ఒకే చాప మీద పడుకునేవాళ్ళం.

మూడో రోజుకు అక్క మణికట్టూ వేళ్ళ సందులూ గోక్కోవడం మొదలుపెట్టింది. గజ్జిని మా వీధిలో సిరంగు అనేవాళ్ళు. మా అమ్మ ఒడిలో ఎనిమిది నెలల తమ్ముడున్నాడు. ఆమె భయపడి, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగింది. ఏడేళ్ళప్పుడు ఒకసారి వచ్చి తగ్గిందని అక్క ఉన్నమాట చెప్పింది. దాంతో ఆ జబ్బును తెచ్చింది అక్కేనని అందరూ తేల్చేశారు. వేరే చాప, వేరే కంచం వచ్చాయి. నేను గడప మీద కూర్చుని లెక్కపెట్టి, పొద్దున్నుంచి మధ్యాహ్నం మిల్లు కూత దాకా అక్క నలభై మూడు సార్లు గోక్కుందని, నేను ఒక్కసారి కూడా గోక్కోలేదని అమ్మకు అప్పజెప్పాను. శుక్రవారం బండిలో ఆమెను పంపేద్దామనుకున్నారు. ఎవరూ చెప్పకుండానే అక్క తన మూట కట్టుకుంది.

మా నాయన తల్లి, మా అవ్వ, పెరట్లో చింతపండు గింజలు తీస్తూ ఇదంతా చూసింది. ఆమెకు అక్కతో రక్తసంబంధం లేదు. ఐదో రోజు పొద్దున నన్ను పిలిచి లెక్క చెప్పమంది. అక్క వచ్చిన మూడో రోజే దురద మొదలైందని గడగడా చెప్పాను.

"ఏంది పాపా, అది వచ్చిన దినం నుంచే లెక్క మొదలుపెడితివే? దానికి ముందు నువ్వు యాడ పండుకుంటివి?" అంది అవ్వ.

వెనక్కి లెక్కపెట్టాను. అక్క రావడానికి ఇరవై ఎనిమిది రోజుల ముందు కదిర్కామంలో పెళ్ళికి వెళ్ళి, ఐదుగురు పిల్లలం ఒకే దుప్పటి కింద పడుకున్నాం.

అవ్వ లేచి నాయన సిరా బుడ్డి అందుకుంది. "ఈ వయసులో చేవ్రాలు నేర్చుకుంటావా అమ్మా?" అని నాయన ఎగతాళి చేశాడు. అవ్వ నా వేళ్ళ సందుల్లో సిరా పూసి, కాసేపాగి, తడిగుడ్డతో తుడిచింది. పైపై సిరా పోయింది. చర్మంలో సిరంగు పురుగు తొలిచిన దారుల్లో మాత్రం సిరా దిగి, దారపు పోగుల్లా వంకరటింకర గీతలు నిలిచాయి. అడగకుండానే లెక్కపెట్టాను. ఏడు. తర్వాత అక్క చేతికి పూసింది. ఒకటి.

అవ్వ అమ్మ వైపు తిరిగింది.

"నీ అక్క బిడ్డ ఒళ్ళు ముందే చూసిన దొంగను మరవలేదమ్మా. వాడు కాలు పెట్టంగానే అరిచింది. నీ బిడ్డ ఒళ్ళు ఇంకా వాడికి అన్నం పెడతా ఉండాది."

అవ్వకు తన చిన్నతనంలో సిరంగు రెండుసార్లు వచ్చిందట. మొదటిసారి నెల దాటాక దురద తెలిసిందట, రెండోసారి మర్నాటికే. చాలా ఏళ్ళ తర్వాత ఒక వైద్యుడు నాకు ఇదే చెప్పాడు. పురుగు కుట్టినందుకు కాదు, ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి తిరగబడినందుకు దురద పుడుతుందని. మొదటిసారి గుర్తుపట్టడానికి వారాలు పడుతుందని.

ఆ కదిర్కామం పెళ్ళినుంచి ముప్పై తొమ్మిదో రోజున నాకు దురద మొదలైంది. అప్పటికే అక్క మూటను అమ్మే విప్పి బట్టలు ఉడకబెట్టింది. ఇంటిల్లిపాదికీ గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి పూశారు. అయినా దురద ఇంకో ఇరవై రోజులు పోలేదు. అమ్మ మళ్ళీ బెదిరితే, దొంగ పోయినా కుక్కలు కొన్నాళ్ళు అరుస్తానే ఉంటాయని అవ్వ సర్దిచెప్పింది.

అక్క ఉండిపోయింది. కానీ ఒళ్ళంతా మానాక కూడా చాప గోడవారకే వేసుకునేది. తమ్ముణ్ణి ఎత్తుకోమని అమ్మ చేతికిస్తే, ముందు తన చేతులు తిప్పి చూసుకునేది. నేను క్షమించమని అడగలేదు. రెండేళ్ళకు అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆ గోడవార చాప ఎన్ని రోజులుందో మాత్రం నేను లెక్కపెట్టలేదు.

ఇప్పుడు డబ్బు తగాదాల్లో తప్పెవరిదో తేల్చమని జనం నా దగ్గరికి లెక్కలు పట్టుకొస్తుంటారు. ఓపిక తగ్గింది. అయినా మొదటి రోజు ఏదో వాళ్ళు చెప్పేదాకా ఒక్క అంకె కూడా వెయ్యను. వెయ్యబోయే ముందు ఎడమచేతి వేళ్ళు విడదీసి వెలుతురులో ఒకసారి చూసుకుంటాను. అక్కడ ఏమీ ఉండదు. అయినా చూస్తాను.