పాలబండి మీటరు

మా అన్న మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా లేదు.

మాది దబీర్‌పురాలో పాల వ్యాపారం. బాపు ట్రాలీబండిలో క్యాన్లు వేసుకుని బహదూర్‌పురా హోటళ్లకు పాలు పోసి వచ్చేవాడు. సగం ఖాళీ అయిన క్యాన్లలో పాలు ఊగి బండిని ఒక పక్కకు లాగుతాయి. అందుకే బాపుకు స్పీడు మీటరు ముల్లు మీదే గురి. మలుపు వస్తే ముల్లు ఇరవైకి దిగాల్సిందే. నాకు బండి నేర్పినప్పుడూ అదే చెప్పాడు.

అన్న ఆ బండికి పెద్ద టైర్లు వేయించాడు. జోరుగా పోవాలని వెనక ఇరుసులో గేర్లు కూడా మార్పించాడు. ఆ వారమే జూపార్కు మలుపులో బండి ఒరిగి డివైడర్‌కు గుద్దుకుంది. బాపుకు దెబ్బలు తగల్లేదు గానీ పాలన్నీ నేలపాలయ్యాయి.

"బాపుకు కండ్లు గనవడ్తలేవు. ఇగ బండి ముట్టొద్దు," అని చుట్టాలందరి ముందు అన్న లొల్లి చేసి తాళంచెవి లాక్కున్నాడు.

"ముల్లు ఇర్వై కాడనే ఉండె బిడ్డా," అని బాపు నాతో మెల్లగా అన్నాడు.

బాపు అబద్ధం చెప్పడు. మర్నాడు పాలు నేనే పోసివస్తానని బండి తీసుకుని, ఫోన్‌లో స్పీడు చూపించే యాప్ తెరిచి మీటరు పక్కన పెట్టాను. ముల్లు నలభై దగ్గర ఉంటే ఫోన్ యాభై దాటింది. ఒళ్లు మండిపోయి నేరుగా ఆ టైర్లు వేసిన మెకానిక్ దగ్గరికి పోయాను.

"నేను జెప్పిన అక్కా. టైర్లు, గేర్లు మారిస్తే మీటర్ తక్కువ జూపిస్తది, కేబుల్ కాడి చిన్న చక్రం గూడ మార్సాలె అని. ముల్లు ఆడ్తుంది గద, సాల్ తియ్ అన్నడు మీ అన్న."

అంటే అన్నకు అంతా తెలుసు. తెలిసీ బాపు కళ్ల మీదికి నెట్టాడు, సిగ్గులేని మనిషి. ఆ చక్రం మార్పించి, ఇంటికెళ్లి అన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు తల దించుకుని టీవీ పెట్టుకున్నాడు.

మరుసటి రోజు, తప్పు మీటరుదేనని చెప్పి తాళంచెవి బాపు చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాను. జూపార్కు మలుపు రాకముందే ఆయన బండి ఓరకు ఆపి దిగాడు.

"మీటర్ మంచిగనే అయినట్టుంది బిడ్డా," అన్నాడు. "నా కండ్లే ఎట్లున్నయో నాకు సమజైతలేదు. నువ్వే నడ్పు."